సెల్లు కొలతే లైటు కొలత

టార్చిలైటు కొనడానికి అంగడికి వెళ్లినవాళ్లు మన ఊళ్లలో ఎప్పుడూ వెలుగు ఎంతని అడగలేదు. రెండు సెల్లులదా, మూడు సెల్లులదా అని అడిగారు. రాత్రి చేనుకు నీళ్లు పెట్టడానికి పోయే రైతుకు మూడు సెల్లులది కావాలి, కరెంటు పోతే ఇంట్లో తడుముకోకుండా ఉండడానికి రెండు సెల్లులది చాలు, ఐదు సెల్లుల పొడవాటి లైటు చేతిలో ఉంటే అది సగం లైటు, సగం కర్ర. చాలా ఇళ్లలో దాని పేరే బ్యాటరీ లైటు. బల్బు ఏ రకమో, దాని వెనకున్న అద్దం ఎంత లోతో ఎవరికీ పట్టలేదు. వస్తువును దాని శక్తి మూలంతో పిలిచే ఈ అలవాటు వెనక ఓ చారిత్రక సత్యం ఉంది. చేతిదీపం చరిత్రను మామూలుగా బల్బు చరిత్రగా రాస్తారు: కార్బన్ తీగ, టంగ్‌స్టన్ తీగ, హాలోజెన్, చివరికి ఎల్ఈడీ. చిన్న లైటు పెద్ద వెలుగు ఇవ్వడం ఎలా మొదలైందన్న ప్రశ్న వేసుకుంటే మాత్రం ఈ వరుస సరిపోదు. గొట్టం ఎంత లావుండాలో, ఎంత పొడవుండాలో, ఎంతసేపు వెలగాలో బల్బు నిర్ణయించలేదు, సెల్లు నిర్ణయించింది. పైగా లైటును కుదించిన సెల్లు ప్రతిసారీ వేరే పరికరం కోసం తయారైందే. టార్చి చేసేవాళ్లు దాన్ని అరువు తెచ్చుకున్నారు.

మొదటి లైటుతోనే చూద్దాం. ద్రవం ఒలకని పొడి సెల్లును జర్మనీలో కార్ల్ గాస్నర్ 1886లో పేటెంటు చేశాడు. అమెరికాలో నేషనల్ కార్బన్ కంపెనీ 1896లో కొలంబియా పేరుతో అలాంటి సెల్లును పెద్దఎత్తున అమ్మకానికి పెట్టింది. అది ఆరంగుళాల ఎత్తుండే డబ్బా, జేబులో పట్టేది కాదు. రెండేళ్లకు, 1898లో, చేతిలో ఇమిడే డీ సైజు సెల్లు వచ్చింది. అదే ఏడాది న్యూయార్క్‌లో డేవిడ్ మిసెల్ అనే ఇంగ్లిషు దేశస్థుడు ఒక కాగితపు గొట్టంలో సెల్లులు ఒకదాని వెనక ఒకటి పేర్చి, ఒక కొసన బల్బూ ఇత్తడి రిఫ్లెక్టరూ పెట్టి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1899 జనవరి 10న పేటెంటు వచ్చింది. హక్కులు రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీవి. ఆ కంపెనీయే తర్వాత ఎవరెడీ అయింది. తొలి లైట్లను కొన్నింటిని న్యూయార్క్ పోలీసులకు ఉచితంగా ఇచ్చి మంచిమాట సంపాదించుకున్నారు. ఇంగ్లిషులో దానికి ఫ్లాష్‌లైట్ అనే పేరు స్థిరపడిందీ ఆ రోజుల్లోనే. ఫ్లాష్ అంటే మెరుపు. అది నిజంగా మెరుపే, ఎందుకంటే మీట నొక్కి పట్టుకుంటే కాసేపట్లోనే వెలుగు కుంగిపోయేది. వదిలి మళ్లీ నొక్కాలి.

ఈ కుంగుబాటు బల్బు తప్పు కాదు. జింక్ కార్బన్ సెల్లులో కరెంటు పారుతున్నప్పుడు మధ్యలోని కార్బన్ కడ్డీ చుట్టూ హైడ్రోజన్ చేరుతుంది. దాన్ని మాంగనీస్ డయాక్సైడ్ మసి మెల్లగా తినేయాలి. ఎక్కువ కరెంటు లాగితే తినడం వెనకబడుతుంది, వోల్టేజి జారుతుంది. కాస్త విశ్రాంతి ఇస్తే మళ్లీ కోలుకుంటుంది. చచ్చుబడిన సెల్లులను గోడమీద ఎండలో పెట్టి, సాయంత్రం మళ్లీ లైటులో వేసుకుని మరో రెండు రోజులు నెట్టుకొచ్చిన ప్రతి తెలుగు ఇంటికీ ఈ రసాయనం అనుభవంలో ఉన్నదే. విశ్రాంతి హైడ్రోజన్‌ను తగ్గిస్తుంది, వెచ్చదనం చర్యను ఉరికిస్తుంది. న్యూయార్క్‌లో పెట్టిన పేరుకూ మన పిట్టగోడ మీద ఎండిన సెల్లుకూ మూలం ఒకటే బలహీనత అన్నమాట.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది. 1910లో విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్‌ను సన్నని తీగగా సాగదీయగలిగాక, ఆ తీగతో చేసిన బుల్లి బల్బులు వచ్చాకే కదా టార్చి నిలకడగా వెలిగింది? అది బల్బు విజయం కాదా? కొంతవరకు అవును. అదే కరెంటుకు టంగ్‌స్టన్ కార్బన్ తీగ కన్నా చాలా మెరుగైన వెలుగిచ్చింది, నొక్కి వదిలే లైటు వెలిగించి ఉంచే లైటయింది. కానీ లైటు చిన్నదయిందా? కాలేదు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లపాటు చేతిదీపం అంటే 34 మిల్లీమీటర్ల వ్యాసం, 61 మిల్లీమీటర్ల పొడవున్న డీ సెల్లుకు తొడిగిన చొక్కాయే. బల్బును సెల్లుకు తగ్గట్టు చేశారు గానీ సెల్లును బల్బుకు తగ్గట్టు కాదు. రెండు సెల్లులకు 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు. మూడింటికి 3.8 వోల్టులు. ఇలాంటి బల్బుల మొత్తం వెలుగు, అంటే నేటి లెక్కలో ల్యూమెన్లు, పది అటూ ఇటూ. ఇంకా వెలుగు కావాలా, ఇంకో సెల్లు చేర్చి గొట్టం పొడిగించడం తప్ప దారి లేదు. ఏఏ సైజు పెన్ లైట్లు లేకపోలేదు. వాటితో తాళం కన్నం కనిపిస్తుంది, గట్టు మీద పాము కనిపించదు.

మన దేశంలో ఈ సెల్లు పెత్తనం మరీ గట్టిది. ఎవరెడీ భారత కంపెనీ 1934లో నమోదైంది. 1939లో కలకత్తా కాశీపూర్‌లో సెల్లుల ఫ్యాక్టరీ పెట్టింది. 1959లో యూనియన్ కార్బైడ్ ఇండియాగా పేరు మారింది. పాతికేళ్ల తర్వాత భోపాల్ విషవాయువుతో లోకానికి తెలిసిన పేరు, మన ఇళ్ల ఎర్ర సెల్లు మీది పేరు ఒక్క సంస్థవే అన్నది ఇప్పటికీ చాలామంది గమనించని సంగతి. లక్నోలో అదే సంస్థ 1958లో టార్చిల ఫ్యాక్టరీ తెరిచింది. అలహాబాదు నుంచి జీప్ టార్చిలు వచ్చేవి. తెలుగు నేల మీద ఇండో నేషనల్ 1972లో ఏర్పడి, జపాన్ మత్సుషిత సాంకేతిక సహకారంతో నెల్లూరులో నిప్పో సెల్లులు చేసింది. ఈ పేర్లన్నీ చెప్పడం దేనికంటే, టార్చి ఒకసారి కొనే వస్తువు, సెల్లు పదేపదే కొనేది. మారుమూల కిరాణా కొట్టులో ఉప్పు, అగ్గిపెట్టె పక్కన ఏ సెల్లు దొరుకుతుందో ఆ సెల్లు పట్టే లైటే ఆ ఊరి లైటు. మెరుగైన సెల్లు పట్నంలో కెమెరాల దుకాణంలో ఉన్నా ఊరికి లేనట్టే. నికెల్ పూత పూసిన ఇత్తడి గొట్టం, ముందు మర తిప్పితే ఊడే మూత, వెనక స్ప్రింగు, పక్కన జరిపే మీట, ఆ మీట కింద ఎర్ర బొత్తాము. ఈ రూపం మూడు తరాల పాటు మారకపోవడానికి కారణం చేసేవాళ్ల సోమరితనం కాదు, కొట్టు అరమీద ఉన్న సెల్లు మారకపోవడం.

అమెరికాలో గొట్టం మాత్రం ముందుగా మారింది. క్రొయేషియాలో పెరిగి 1950లో అమెరికాకు తిరిగొచ్చిన ఆంథనీ మాగ్లికా కాలిఫోర్నియాలో ఒక్కడే నడిపే లేత్ షాపుతో మొదలుపెట్టి, 1979లో మ్యాగ్‌లైట్‌ను విడుదల చేశాడు. అల్యూమినియం కడ్డీ నుంచి తొలిచిన శరీరం, నీరు చొరకుండా మరల దగ్గర రబ్బరు రింగులు, లోపలా బయటా అనోడైజింగ్ పూత, తల తిప్పితే వెలుగు కుదురుగానో వెడల్పుగానో మారే ఏర్పాటు. 1984లో రెండు ఏఏ సెల్లుల మినీ మ్యాగ్‌లైట్ వచ్చింది. దాని వెనక మూత విప్పితే లోపల ఒక గుంటలో స్పేర్ బల్బు ఉంటుంది. ఇంజనీరు నిజాయితీకి అంతకన్నా ముద్దైన సాక్ష్యం లేదు: శరీరం జీవితకాలం మన్నుతుంది, తీగ మన్నదు, ఈ సంగతి నాకు తెలుసు, ఇదిగో ఇంకోటి. కానీ వెలుగు సంగతి అడిగితే మినీ మ్యాగ్ కూడా ఏఏ సెల్లు ఇవ్వగలిగినంతే ఇచ్చింది. లేత్ పనితనం లైటును గట్టిపరిచింది, చక్కపరిచింది. వెలుగును పెంచే పని దాని చేతిలో లేదు.

ఆ పని కెమెరా చేసింది. 1980ల్లో ఫిల్మును తనే తిప్పుకుని, తనే ఫోకస్ చేసుకుని, క్షణాల్లో ఫ్లాషును నింపుకునే కెమెరాలు వచ్చాయి. వాటికి కొద్దిసేపు గట్టిగా కరెంటు ఇచ్చి, ఏళ్లతరబడి డ్రాయరులో పడి ఉన్నా చావని సెల్లు కావాలి. అందుకు వచ్చిన లిథియం సెల్లే సీఆర్123ఏ. 17 మిల్లీమీటర్ల లావు, 34.5 మిల్లీమీటర్ల పొడవు, 3 వోల్టులు, 17 గ్రాముల బరువు. తుపాకులకు లేజర్ గురి పరికరాలు చేసే లేజర్ ప్రొడక్ట్స్ అనే కాలిఫోర్నియా సంస్థ, ఇదే తర్వాత ష్యూర్‌ఫైర్, ఈ సెల్లులు రెండింటిని వరసగా పెట్టి 6పీ అనే లైటు చేసింది. అరచేతి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ పొడవు. పేరులోని ఆరు, ఆ రెండు సెల్లుల ఆరు వోల్టులు. దాని వెలుగు 65 ల్యూమెన్లు, సుమారు గంటసేపు. అదీ పాత రకం తీగ బల్బుతోనే, కాకపోతే గాజులో జెనాన్ నింపి, తీగను దాని ఆయుష్షు తగ్గేదాకా వేడెక్కించారు. గొట్టం డీ సెల్లు గొట్టం కన్నా చాలా సన్నం, వెలుగు ఆరేడు రెట్లు. ఇది జరిగింది 1980ల చివర. తెల్లని ఎల్ఈడీ ఇంకా పుట్టలేదు.

ఈ ఒక్క తేదీ మీద నా వాదన చాలా బరువు మోపుతోంది కాబట్టి, ఎదుటివాళ్ల గట్టి అభ్యంతరాన్ని ఇక్కడే తీసుకోవాలి. నేటి చిన్న లైటు వెయ్యి ల్యూమెన్లు ఇస్తోందంటే ఎల్ఈడీ వల్ల కాదా? జపాన్‌లో నిచియా కంపెనీకి చెందిన షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని సాధించాడు. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూసి 1996లో అదే కంపెనీ తెల్లని ఎల్ఈడీని అమ్మింది. 2014లో నకమురాతో పాటు నీలి ఎల్ఈడీ మీదే పనిచేసిన అకసాకికి, అమానోకు నోబెల్ వచ్చింది. ఇదంతా కాదనలేనిది. కానీ తొలి తెల్ల ఎల్ఈడీలు కందిగింజంత వస్తువులు, ఒక్కోటి ఇచ్చేది ఒకటి రెండు ల్యూమెన్లు. 1999 ప్రాంతాన వచ్చిన లుమిలెడ్స్ వారి ఒక వాటు లక్సియాన్ కూడా పాతిక ల్యూమెన్లు దాటలేదు. అంటే మొదటి కొన్నేళ్లు ఎల్ఈడీ లైటు, పాత 6పీ కన్నా మసకైనదే. ఎల్ఈడీ వచ్చి చిన్న లైటును సృష్టించలేదు, కెమెరా సెల్లు కోసం అప్పటికే తయారై ఉన్న గొట్టంలోకి అద్దెకు దిగింది. దీనికి రుజువు పీ60 దిమ్మ. 6పీలో బల్బు, రిఫ్లెక్టరు కలిపి ఒకే ముక్కగా ఊడొచ్చేవి, ఆ ముక్క పేరు పీ60. ఎల్ఈడీలు బలపడ్డాక బయటి తయారీదార్లు సరిగ్గా అదే కొలతలో ఎల్ఈడీ ముక్కలు చేసి అమ్మారు. ఇరవై ఏళ్ల నాటి గొట్టం మూత విప్పి, బల్బు ముక్క తీసి, ఎల్ఈడీ ముక్క పడేసి బిగిస్తే సరి.

సరి అనుకున్నారు గానీ, అసలు కష్టం అక్కడే బయటపడింది. బల్బు తీగ మూడు వేల డిగ్రీల దగ్గర మండాలి, వేడే దాని వెలుగు. అనవసరమైన వేడిలో చాలాభాగం పరారుణ కిరణాలుగా ముందు గాజులోంచి వెళ్లిపోతుంది. ఎల్ఈడీకి వేడి శత్రువు. దానికిచ్చిన కరెంటులో మూడో వంతో, కాస్త ఎక్కువో వెలుగవుతుంది, తక్కినదంతా చిప్పు అడుగున వేడిగా పోగుపడుతుంది. ఆ వేడి లోహం గుండా బయటికి పోతే సరే, లేకపోతే వెలుగు తగ్గుతుంది, రంగు మారుతుంది, చివరికి చిప్పు చస్తుంది. పీ60 ముక్క గొట్టంలో స్ప్రింగుల మధ్య వదులుగా కూర్చునేది, చుట్టూ సన్నని గాలి పొర. బల్బుకు ఆ గాలి పొర అడ్డు కాలేదు. ఎల్ఈడీకి అది దుప్పటి. వాడేవాళ్లు చేసిన చిట్కా ఏమిటంటే, వంటింట్లోని అల్యూమినియం రేకును, లేదా రాగి పట్టీని ముక్క చుట్టూ కొలతగా చుట్టి, బిగువుగా గొట్టంలోకి తోయడం. మిల్లీమీటరులో ఏ భాగమో ఉన్న గాలిని లోహంతో నింపేస్తే చాలు, తల వెచ్చబడడం వేలికి తెలిసేది. వేడెక్కడం మంచి లక్షణం అయిన వస్తువు బహుశా ఇదొక్కటే: తల చల్లగా ఉందంటే వేడి లోపలే ఇరుక్కుపోయిందని అర్థం.

ఆ రేకు చుట్టడంలోంచే నేటి డిజైను మొత్తం వచ్చిందని చెప్పొచ్చు. ఇప్పుడు ఎల్ఈడీని రాగి పలక మీద నేరుగా అతుకుతారు, ఆ పలకను గొట్టంతో ఏకంగా తొలిచిన అరమీద మరలతో బిగిస్తారు, నడుమ వేడిని మోసే పేస్టు పూస్తారు. గొట్టం ఇప్పుడు సెల్లు చొక్కాయి కాదు, మూడు పనులు చేసే అవయవం. వేడిని గాలికీ చేతికీ పంచుతుంది. వెనక మూత నుంచి తలకు కరెంటును తిరిగి మోస్తుంది. నీటిని ఆపుతుంది. వెనక మర మీద అనోడైజింగ్ పూత ఉంటే అది కరెంటును పారనివ్వదు, మూత కొసల దగ్గర మాత్రమే వట్టి లోహం తగులుతుంది. అందుకే మూతను పావు చుట్టు వదులు చేస్తే సంచిలో లైటు పొరపాటున వెలగదు. అతుకుల విలువ కూడా మారిపోయింది. పాత టార్చి ఆరిపోయినప్పుడు అరచేతి మీద ఠపీమని కొడితే వెలిగేది, స్ప్రింగు కొసన పట్టిన చిలుము కాస్త రాలి కరెంటుకు దారి దొరికేది. అక్కడ 0.3 ఆంపియర్లు పారుతాయి కాబట్టి పదో వంతు ఓమ్ నిరోధానికి పోయేది 0.03 వోల్టు, ఎవరికీ తెలియదు. నేటి లైటులో 3 ఆంపియర్లు పారుతుంటే అదే నిరోధం 0.3 వోల్టు మింగేస్తుంది. స్ప్రింగుకు సమాంతరంగా రాగి తీగ అతికే అలవాటు అందుకే వచ్చింది.

ఇంతలో సెల్లు రెండోసారి అరువొచ్చింది, ఈసారి ల్యాప్‌టాప్‌ల నుంచి. సోనీ 1991లో లిథియం అయాన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి 18650 అని పిలిచే సెల్లు ల్యాప్‌టాప్ బ్యాటరీ పెట్టెల్లో ఆరేసి చొప్పున చేరింది. యాభై గ్రాముల లోపు బరువు, మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు, నేడు 3,500 మిల్లీ ఆంపియర్ గంటల దాకా పడుతుంది. షెంజెన్‌లో 2004లో మొదలైన ఫీనిక్స్, దాని వెనకే వచ్చిన చైనా కంపెనీలు ఈ సెల్లు చుట్టూ లైట్లు కట్టాయి. అమెరికాలో క్రీ కంపెనీ ఎక్స్ఎం-ఎల్ ఎల్ఈడీ 3 ఆంపియర్ల దగ్గర, 10 వాట్లకు 1,000 ల్యూమెన్లు ఇచ్చింది. జింక్ కార్బన్ సెల్లు 3 ఆంపియర్లు అడిగితే కళ్లు తేలేస్తుంది. ల్యాప్‌టాప్ సెల్లు లేకుండా ఆ ఎల్ఈడీని చేతిలో పట్టుకోవడం కుదరదు.

అయితే ఒక్క విషయంలో నా వాదన ఒక మెట్టు దిగాలి. తీగ బల్బును మసకగా వెలిగిస్తే అది ఎర్రబారి, కరెంటును ఊరికే వేడిగా తగలేస్తుంది. ఎల్ఈడీ తగ్గించిన కొద్దీ పొదుపరి. ఒక ల్యూమెన్ కన్నా తక్కువ వెలుగుతో రోజుల తరబడి వెలిగే లైటు, అదే గొట్టంలో వెయ్యి ల్యూమెన్లకు ఎగబాకడం సెల్లు ఇచ్చిన వరం కాదు. అది ఎల్ఈడీది, దానికి కరెంటును కొలిచి పోసే గోరంత సర్క్యూటుది. సెల్లు వోల్టేజి జారుతున్నా వెలుగు జారకుండా పట్టే ఆ సర్క్యూటుతోనే 1898 నాటి కుంగుబాటు తీరింది.

కొత్త ఇరుకు మరోటి. పది వాట్లలో ఆరేడు వాట్లు వేడి అయితే, అరచేతిలో ఇమిడే గొట్టం నిలకడగా గాలికి వదలగలిగింది కొన్ని వాట్లే. లోహం 50 డిగ్రీల దగ్గర పడితే చెయ్యి పట్టుకోనివ్వదు. కాబట్టి పెట్టె మీద వెయ్యి అని ఉన్న చిన్న లైటు కొద్ది నిమిషాల్లో తనంతట తానే మూడో వంతుకో, ఇంకా తక్కువకో దిగుతుంది. ఇది మోసమే కదా అంటే, పూర్తిగా కాదు. లక్షల క్యాండిల్ పవర్ అని నోటికొచ్చిన అంకెలు వేసుకునే రోజులకు అడ్డుకట్టగా అమెరికా తయారీదార్లు 2009లో ఎఫ్ఎల్1 అనే ప్రమాణం పెట్టుకున్నారు. వెలుగును లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలవాలి. వెలుగు మొదటి దానిలో పదో వంతుకు పడేదాకా గడిచిన కాలమే నడిచే సమయం. దూరం అంటే వెలుగు 0.25 లక్స్‌కు, అంటే సుమారు పున్నమి వెన్నెలకు, తగ్గే చోటు. వెలుగు పుంజం తీవ్రత పదివేల క్యాండెలాలు ఉన్న లైటుకు ఆ లెక్కన 200 మీటర్లు వస్తుంది, కానీ అంత దూరాన వెన్నెల్లో మనిషి ఆనవాలు కడతాడు గానీ ముఖం గుర్తుపట్టలేం. ప్రమాణం నిజాయితీగలదే. దాని వెసులుబాట్లు మాత్రం తయారీదార్లకు అనుకూలంగా ఉన్నాయి: వేడి పైకి రాకముందే వెలుగు కొలత అయిపోతుంది, వెలుగు దిగిపోయాక గడిచిన గంటలన్నీ నడిచే సమయంలో కలుస్తాయి.

వేడి దగ్గర ఎల్ఈడీ ఆగిపోయినా సెల్లు ఆగలేదు. 2017లో టెస్లా తన మోడల్ 3 కారు కోసం పానసోనిక్‌తో కలిసి 18650ని వదిలి 21 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవున్న సెల్లుకు మారింది. కార్ల కోసం ఆ సెల్లు కోట్లలో తయారై చవకబడేసరికి టార్చి కంపెనీలు ఒకటొకటిగా తమ అచ్చులు మార్చుకున్నాయి. లైటు గొట్టం మూడు మిల్లీమీటర్లు లావెక్కింది.